నిన్న ఏం చేశావు?

లాటిన్ మాస్టారి క్లాసులో ఒక పద్ధతి ఉండేది. పాఠం మొదలుపెట్టే ముందు పిల్లలందరూ ఒక్కొక్కరే లేచి, నిన్న తాము చేసిన పని ఏదో ఒకటి లాటిన్‌లో చెప్పాలి. క్రియ తప్పయితే సగం మార్కు పోతుంది. చెప్పింది అబద్ధమైతే మొత్తం పోతుంది. "తప్పయితే దిద్దుతాను. అబద్ధానికి నా దగ్గర మందు లేదు" అనేవారు ఆయన. ఎవరు అబద్ధం చెప్పారో ఇట్టే పట్టేసేవారు. అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయట. దాంతో చెవుల మీదికి జుట్టు దువ్వుకుని బడికి వచ్చిన మహానుభావులు చాలామందే ఉన్నారు. మన చిన్న టీచర్ వాళ్ళలో ఒకతె.

అప్పటికామె టీచరేమిటి, ముక్కు చీదుకునే పిల్ల. మొదటిరోజు మాస్టారు బిస్కెట్ల డబ్బా చాపి చీటీ తీయమన్నారు. "పోర్టో" అని వచ్చింది. మోస్తున్నాను అని అర్థం. ఏ చీటీ వస్తే ఏడాది పొడుగునా ఆ క్రియ వాళ్ళదే, ఆ పేరూ వాళ్ళదే. మాస్టారి నోట ఆ పేరు జన్మకి చెరిగేది కాదు. బడిలో డ్రిల్లు మాస్టారు ఆయనకి ప్రాణస్నేహితుడు. లాటిన్‌తో బొత్తిగా సంబంధం లేని ఆ మనిషికి కూడా బలవంతంగా డబ్బా చాపి చీటీ తీయించారు. "కుర్రో" అని వచ్చింది. పరుగెత్తుతున్నాను అని. బానపొట్ట వేసుకుని, ఈల ఊదుతూ పిల్లల్ని పరుగెత్తించి తాను మాత్రం కుర్చీ వదలని మనిషికి ఆ పేరు! స్టాఫ్ రూమంతా వారం రోజులు నవ్వుకుంది.

చిన్న టీచర్ పెద్దదై, అదే బడిలో చరిత్ర చెప్పడానికి చేరింది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. చిన్న తరగతులకి లాటిన్ వర్తమానకాలం కూడా ఆమే చెప్పేది. భూతకాలం, పై తరగతులు మాస్టారివి. పిల్లలు దాన్ని భూతాల క్లాసు అనేవారు గాని, ఆ క్లాసు ఎగ్గొట్టినవాడు మాత్రం లేడు.

ఆ ఏడు పరీక్షల ముందు మాస్టారు భూతకాలం మొదటి పాఠం చెప్పారు. మర్నాడూ అదే చెప్పారు. ఆ మర్నాడూ అదే. ఒక్క క్రియ తప్పు పోలేదు, ఒక్క అక్షరం తడబడలేదు. రోజూ కొత్త సుద్దముక్క తీసుకుని, "ఇవాళ కొత్త పాఠం" అని కళ్ళు మెరుస్తుండగా మొదలుపెట్టేవారు. పిల్లలు మొదట నవ్వారు, తర్వాత అలవాటుపడ్డారు, హోంవర్కు ఎప్పుడూ ఒకటే కాబట్టి సంతోషించారు కూడా. డ్రిల్లు మాస్టారు ఒకరోజు స్టాఫ్ రూములో అందరి ముందూ, "ఏరా, నీ భూతకాలం ఎంతకీ అయిపోదేమిట్రా?" అని భుజం చరిచాడు. అందరితోపాటు మాస్టారూ నవ్వారు. కాని ఆ మాట ఆయన మనసులో ముల్లులా దిగబడిపోయింది.

ఆ వారంలోనే చిన్న టీచర్ పెద్ద మేడం గదికి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, సంగతి చెప్పింది.

ఎందుకు చెప్పింది? పిల్లల పరీక్షలు పాడవుతాయని. అది నిజం. మాస్టారు తప్పుకుంటే పై తరగతులు తనకొస్తాయని, ఉద్యోగం ఖాయమవుతుందని. అదీ నిజం. ఈ రెండిట్లో ఏది తనను ఆ గదిదాకా నడిపించిందో తనకే తెలియదనుకునేది. తెలియదనుకుంటే హాయిగా ఉంటుంది మరి. పెద్ద మేడం మాస్టారిని పిలిచి మెత్తగానే మాట్లాడింది. మాటల్లో, "నేను కనిపెట్టింది కాదండీ, మీతో పనిచేసేవాళ్ళే చెప్పారు" అనేసింది. వీడ్కోలు సభ పెట్టారు. గోడగడియారం ఇచ్చారు. ఆ గడియారం సంకన పెట్టుకుని మాస్టారు డ్రిల్లు మాస్టారి ముఖమైనా చూడకుండా మెట్లు దిగిపోయారు. చెప్పింది వాడేనని ఆయన తీర్మానం. ఆ తర్వాత ఏ కొత్త సంగతీ ఆయన బుర్రలో నిలవలేదుగాని, ఈ తీర్మానం మాత్రం చెక్కు చెదరలేదు.

కోరుకున్నట్టే పై తరగతులు చిన్న టీచర్‌కి వచ్చాయి. అప్పుడు తెలిసింది అసలు సంగతి. చదువుకునే రోజుల్లో ఆమెకి లాటిన్‌లో మార్కులొచ్చాయి, లాటిన్ రాలేదు. భూతకాలం పుటలు తెరిస్తే కళ్ళు బైర్లు కమ్మాయి. పెద్ద మేడం ఏమో, "వచ్చే నెల మొదటి సోమవారం మీ క్లాసులో వెనక కూర్చుంటాను, అదయ్యాక మీ ఉద్యోగం సంగతి తేల్చేద్దాం" అంది. ఊళ్ళో లాటిన్ వచ్చిన మనిషి ఇంకెవరున్నారు? సిగ్గు విడిచి చిన్న టీచర్ మాస్టారింటి మెట్లెక్కింది.

తలుపు తీసింది మాస్టారి అక్కగారు. తమ్ముణ్ణి కళ్ళలో పెట్టుకుని చూసుకుంటుంది, నోటితో మాత్రం చీల్చి చెండాడుతుంది.

"చదువుకోడానికొచ్చావా? చల్లగా ఉండు తల్లీ! పొద్దస్తమానం వాడు ఆ కిటికీకి పాఠం చెప్తున్నాడు. ఒరేయ్, నీకోసం మనిషొచ్చిందిరా!"

"ఎవరూ? పోర్టోవా?" మాస్టారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. విద్యార్థికోసం మాస్టారు లేచి నిలబడటం! చిన్న టీచర్‌కి తల కొట్టేసినట్టయింది.

అలా పాఠాలు మొదలయ్యాయి. ముందుగదిలో రేకు బల్ల, దానిమీద సాయంత్రపు ఎండ, గోడకి నల్లబల్ల, పక్కనే బడివాళ్ళిచ్చిన గడియారం. ఆమె బళ్ళోంచి నేరుగా వచ్చేది. మాస్టారు వేళ్ళ కణుపులతో బల్లమీద తాళం వేస్తూ, "పోర్టావీ, మోశాను. పోర్టావిస్తీ, మోశావు" అని మొదలుపెట్టేవారు. కొన్నాళ్ళకి ఆమె వేళ్ళు కూడా వాటంతటవే తాళం వేయసాగాయి. చెప్పిందే చెప్పడం మొదలుపెడితే ఆమె మెల్లిగా, "సార్, ఇది నిన్న అయిపోయింది" అనేది. "అయిపోయిందా?" అని ఆయన సుద్దముక్క వంక చూసుకునేవారు. బడిలో ఇలా ఒక్కమాట మెల్లిగా చెప్పి ఉంటే సరిపోయేదేమో, గది తలుపు వేసి ఇంకెవరితోనో చెప్పాల్సిన పని లేకపోయేదేమో అని ఆమెకి తోచేది.

పాఠానికి ముందు షరా మామూలే.

"నిన్న ఏం చేశావు, పోర్టో?"

"లావీ, సార్. గిన్నెలు కడిగాను."

ఆయన ఒకసారి ఆమె చెవుల వంక చూసి, "బాగుంది. నిజమే" అనేవారు. నిజమే మరి. గిన్నెలు కడగడం, బట్టలు ఆరేయడం, బస్సుకోసం నిలబడటం, చిన్న చిన్న నిజాలన్నీ ఏరి తెచ్చి ఆయన ముందు పోసేది. పెద్దదాన్ని మాత్రం ఇంట్లో దాచి వచ్చేది.

పాఠం మధ్యలో ఒక్కోసారి ఆయన చెయ్యి ఆగిపోయేది. "ఆ కుర్రోగాడు చూశావా? ఎన్నేళ్ళ స్నేహం! రోజూ సాయంత్రం ఈ బల్లమీదే చదరంగం ఆడేవాళ్ళం. నాతో ఒక్కమాట అనుంటే నేనే మానేసేవాణ్ణిగా? చాటుగా వెళ్ళి చెప్పాడు."

"వాడు కాదురా, ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అని అక్కగారు లోపల్నుంచి అరిచేది.

"మరెవరు?"

అక్కగారి దగ్గర జవాబు లేదు. జవాబున్న మనిషి బల్లకి ఇవతల కూర్చుని పుస్తకంలోకి తల దూర్చేది.

ఆ సోమవారానికి ముందు శుక్రవారం సాయంత్రం మలుపులో డ్రిల్లు మాస్టారు ఎదురయ్యాడు. ఆయన రోజూ అలవాటు చొప్పున ఆ మలుపుదాకా వచ్చి, మేడమీది కిటికీ వంక చూసి, వెనక్కి పోతుంటాడని ఆమెకి తెలుసు. తెలిసే అవతలి పేవ్‌మెంటు మీద నడిచేది. ఆవేళ తప్పించుకునే వీల్లేకపోయింది. ఆయన చేతిలో చదరంగం పెట్టె ఉంది.

"అమ్మాయ్, ఇది వాడికిచ్చెయ్. ఆదివారం పొద్దున్న సామాన్లు సర్దుకుని మా అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోతున్నా. ఇంకో ఊళ్ళో నాతో ఎవరాడతారు?"

"మీరే ఇవ్వండి సార్."

"తలుపు తియ్యడమ్మా. రెండుసార్లు వెళ్ళా. తిట్టినా బాగుండును, మెట్లమీదైనా నిలబడనివ్వలేదు." ఈల ఊదీ ఊదీ బొంగురుపోయిన గొంతు ఇంకాస్త బొంగురుపోయింది. "చెప్పిందెవరో నాకు తెలీదు. తెలుసుకుని మాత్రం ఏం చేస్తాను? నేను కాదని వాడికి తెలిస్తే చాలు. నీ మాటంటే వాడికి గురి. కాస్త చెప్పు తల్లీ."

చిన్న టీచర్ చెయ్యి చాపింది. పెట్టె అందుకుంది. గురి ఉందట! ఆ మాట విన్నాక ఏ మనిషైనా ఆ మెట్లు ఎక్కగానే చెప్పేస్తుంది. ఈవిడ చెప్పలేదు. సోమవారం క్లాసులో రెండోరకం భూతకాలం చెప్పాలి. 'మోశాను' అయిపోయింది, 'మోస్తూ ఉండేదాన్ని' ఇంకా రాలేదు. చెప్పేస్తే ఇక పాఠం ఎక్కడిది? ఒక్కరోజు ఆగితే ఏమవుతుందనుకుంది. పెట్టెని గుమ్మం పక్క చెప్పుల దగ్గర పెట్టి, లోపలికెళ్ళి, బుద్ధిగా పాఠం నేర్చుకుంది. ఇంటికి వెళ్తుంటే తన మీద తనకే రోత పుట్టింది.

శనివారం అక్కగారు ఆరేసిన బట్టలు తేవడానికి మిద్దెమీదికి వెళ్ళింది. మాస్టారు అడిగారు.

"నిన్న ఏం చేశావు?"

ఆమె గిన్నెల సంగతి చెప్పబోయింది. చివరికి వచ్చింది వేరే మాట.

"దీక్సీ."

"చెప్పాను. బాగుంది. ఎవరితో ఏం చెప్పావు?"

"నిన్న కాదు సార్. పరీక్షల ముందు. పెద్ద మేడంతో, మీ గురించి. డ్రిల్లు మాస్టారు కాదండీ. చెప్పింది నేను."

ఆయన ఆమె చెవుల వంక చాలాసేపు చూశారు. ఎర్రబడి ఉంటే బాగుండునని వెతుక్కుంటున్నట్టు చూశారు. తర్వాత ఆ ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"నువ్వా? నా పోర్టోవా?"

"పిల్లల పరీక్షలని చెప్పాను సార్. ఉద్యోగం కోసం కూడా."

మాస్టారు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవసాగారు. ఎంతసేపటికీ ఆ తుడవడం ఆగలేదు. "వాణ్ణి ఎన్నెన్ని మాటలన్నాను" అన్నారు చివరికి. "పొద్దున్నే వెళ్తాను వాడి దగ్గరికి. నువ్విక వెళ్ళమ్మా."

రేపు రా అనలేదు. ఆమె ఏడుస్తూ మెట్లు దిగింది. వీధి చివరికి వచ్చేసరికి గుండె మీది బరువు దిగినట్టనిపించింది. బరువు తనది దింపుకుని ఆ ముసలాయన మీద పెట్టి వచ్చానని అప్పటికి తోచలేదు.

ఆదివారం పొద్దున్న, స్నేహితులిద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని ఉండగా దూరం నుంచైనా చూద్దామని డ్రిల్లు మాస్టారింటికి వెళ్ళింది. వ్యాను ఆగి ఉంది. మంచం విప్పి కట్టేశారు. పరుపు చుట్టమీద డ్రిల్లు మాస్టారు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఆమెని చూడగానే లేచాడు.

"చెప్పావా అమ్మాయ్? ఏమన్నాడు?"

అంటే మాస్టారు రాలేదన్నమాట. ఆమె వెనుదిరిగి మాస్టారింటికి పరుగెత్తింది.

"రా పోర్టో, రా!" మాస్టారు సుద్దముక్క పట్టుకుని చెయ్యి ఊపారు. ముఖం కడిగిన పలకలా ఉంది. "ఆ కుర్రోగాడు ఇవాళ ఊరు వదిలి పోతున్నాడట, మా అక్క చెప్పింది. పోనీ, పీడ విరగడైంది. ఇంతకీ నిన్న ఏం చేశావు?"

అక్కగారు ఎప్పటిలాగే మంచినీళ్ళ గ్లాసు తెచ్చి పెట్టింది. ఆమెకేమీ తెలియదు. మాస్టారికి ఏదీ నిలవలేదు. నిన్నటి సాయంత్రం ప్రపంచంలో ఈ చిన్న టీచర్ బుర్రలో తప్ప ఇంకెక్కడా లేదు.

ఆమె గొప్ప మనిషని నేను చెప్పను. ఆ క్షణాన ఆమెకి కలిగింది సంతోషం. చెప్పాల్సింది చెప్పాను, మర్చిపోతే నా తప్పా అనుకుంది. కూర్చుంది. పుస్తకం తెరిచింది కూడా! మాస్టారు నల్లబల్ల మీద 'పోర్టాబామ్' అని రాసి, "మోస్తూ ఉండేదాన్ని" అన్నారు. అక్కడ వ్యానులోకి బీరువా ఎక్కిస్తుంటారు. ఇక్కడ ఈవిడ క్రియలు వల్లె వేస్తోంది.

"ఉండుండు" అన్నారు మాస్టారు. "నిన్న ఏం చేశావో చెప్పనేలేదు నువ్వు."

"లావీ, సార్. గిన్నెలు..."

నిన్న ఆమె గిన్నెలు కడగలేదు. అన్నం కూడా తినలేదు. రెండు చెవులూ భగ్గుమన్నాయి. మాస్టారు చూశారు. సుద్దముక్క కింద పెట్టేశారు. కోప్పడలేదు, చిన్నపిల్లని చూసినట్టు జాలిగా చూశారు.

"అబద్ధమెందుకమ్మా? నీకేం లోటొచ్చింది?"

ఆమె లేచి నిలబడింది. "సార్, చెప్పులు వేసుకోండి. నాతో రండి." గుమ్మం పక్కనున్న చదరంగం పెట్టె ఒక చంకన పెట్టుకుని, ఇంకో చేత్తో ఆయన చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది. వెనకనుంచి అక్కగారు, "ఎక్కడికే వాణ్ణి లాక్కుపోతున్నావు?" అని కేకలేస్తూనే ఉంది.

వ్యాను కదలడానికి సిద్ధంగా ఉంది. స్నేహితుణ్ణి చూడగానే మాస్టారి నడక ఆగిపోయింది. "వీడి దగ్గరికా తెచ్చావు నన్ను?" అని చెయ్యి విదిలించుకోబోయారు. ఆమె వదల్లేదు. ఇద్దరికీ మధ్య నిలబడి, వ్యాను డ్రైవరు వింటున్నా సరే, పెద్ద గొంతుతో చెప్పింది.

"పెద్ద మేడంతో చెప్పింది నేను. ఈయన కాదు. ఉద్యోగం కోసం చెప్పాను. తెలిసీ మీ ఇద్దరినీ ఇన్నాళ్ళు ఇలా ఉంచాను."

మాస్టారి ముఖం మళ్ళీ పాలిపోయింది. అచ్చం నిన్నటిలాగే. "నువ్వా? నా పోర్టోవా?" నిన్నటి మాటే, నిన్నటి గొంతే. రెండోసారి కదా, నొప్పి తగ్గి ఉంటుందనుకుంటే పొరపాటు. ఆయనకి ఇదే మొదటిసారి.

డ్రిల్లు మాస్టారు ఆమె వంక చూసిన చూపు ఆమె జన్మలో మర్చిపోదు. ఆయన వచ్చి స్నేహితుణ్ణి రెండు చేతులా పట్టుకున్నాడు. "పిచ్చి వెధవా, నేను చెప్తానట్రా?" అన్నాడు. ఇద్దరు ముసలివాళ్ళూ పరుపు చుట్టమీద కూర్చుని చంటిపిల్లల్లా ఏడ్చారు. డ్రైవరు హారన్ కొట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

బయలుదేరే ముందు డ్రిల్లు మాస్టారు ఆమెని పక్కకి పిలిచాడు.

"నిన్న చెప్పావా వాడికి?"

"చెప్పాను సార్. పొద్దున్నకి మర్చిపోయారు."

"రేపూ మర్చిపోతాడు. నేను వెధవనని మాత్రం గుర్తుంటుంది వాడికి. నేను ఫోన్ చేస్తే ఎత్తడు." ఆయన వ్యాను తలుపు మీద చెయ్యి వేశాడు. "నేను మర్చిపోయేవాణ్ణి కాదమ్మాయ్. నీమీద కోపం కూడా మర్చిపోను. కాని నేను వెళ్ళాక వాడికెవరు చెప్తారు?"

"నేను చెప్తాను సార్. రోజూ చెప్తాను."

సోమవారం పెద్ద మేడం వెనక బెంచీలో కూర్చుంది. చిన్న టీచర్ పిల్లల్ని ఒక్కొక్కరినే లేపి, నిన్న ఏం చేశారని అడిగింది. ఆ తర్వాత తన వేళ్ళతో బల్లమీద తాళం వేస్తూ, ఆదివారం సగంలో ఆగిపోయిన పాఠాన్ని వచ్చినంత మేరకు చెప్పింది. పెద్ద మేడం తల ఊపింది. ఉద్యోగం ఖాయమైంది. ఎవరూ తప్పు పట్టలేదు. ఒక్కరైనా తప్పు పడితే బాగుండుననిపించింది ఆమెకి.

ఇప్పుడు సాయంత్రాలు ఇలా గడుస్తాయి. బళ్ళోంచి వచ్చి మెట్లెక్కుతుంది. మాస్టారు సంబరంగా లేచి నిలబడతారు. ఆయన అడగ్గానే చెప్తుంది. "ఎందుకమ్మా రోజూ వాడి గుండె కోస్తావు, మాటవరసకి ఇంకెవరో చెప్పారనరాదూ?" అని అక్కగారు మొదట్లో బతిమాలింది. ఒకరోజు ఇద్దరూ ఆ మాటే చెప్పి చూశారు. మాస్టారు, "ఎవరో అంటే వాడే" అని ఫోను మోగుతున్నా కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. ఆ తర్వాత అక్కగారు బతిమాలడం మానేసింది. ఆ వేళకి గది వదిలి మిద్దెమీదికి వెళ్ళిపోతుంది.

"దీక్సీ, సార్" అంటుంది చిన్న టీచర్. సంగతంతా చెప్తుంది. ఆయన చెవుల వంక చూస్తారు. ముఖం పాలిపోతుంది. "నువ్వా? నా పోర్టోవా?" అంటారు. దీనికి మాత్రం ఆమె ఎన్నటికీ అలవాటుపడలేదు. కళ్ళజోడు తుడుచుకోవడం అయ్యాక, "వాడికి ఫోన్ చెయ్యమ్మా, పాపం ఎన్ని మాటలన్నానో" అంటారు. అవతల డ్రిల్లు మాస్టారు ఆ వేళకి ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంటాడు. అయినా ఆయాసపడుతున్నట్టు నటిస్తూ, తనకొచ్చిన ఒకే ఒక్క లాటిన్ ముక్క అంటాడు.

"కుకుర్రీ! పరుగెత్తుకుంటూ వచ్చానురా!"

"అబద్ధం! నీ చెవులు ఇక్కడికి కనిపిస్తున్నాయి" అని మాస్టారు పగలబడి నవ్వుతారు.

చిన్న టీచర్ ఆ నవ్వు వినడానికి ఉండదు. అది తనది కాదని ఆమెకి తెలుసు. ఫోను ఆయన చేతికిచ్చి చెప్పులు వేసుకుంటుంది. రేపు రమ్మని ఆయన అనరు. రేపు మళ్ళీ ఆమెకోసం లేచి నిలబడతారు.